పప్పు లేని ఇల్లు

గెడ్డవలస,
రాజాం దగ్గర,
జూన్ 4.

అనితా,

మీ వదిన గౌరిని. ఇరవై రోజులుగా నీ ఫోను మోగుతోంది, నువ్వు తీయడం లేదు. నీ స్థానంలో నేనున్నా తీసేదాన్ని కాదు. ఉత్తరమైతే పక్కన పడేసుకుని, ఎప్పుడో మనసైన రోజున చదువుకోవచ్చు. అందుకే కాగితం పట్టాను. అంగన్‌వాడీలో పిల్లలు తిని పడుకున్నారు. పదకొండు మంది ఊపిరి తీస్తున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

పైడి ఎలా ఉంది? మచ్చలు పూర్తిగా పోయాయా?

నీ పుట్టింటి పెళ్ళికని మూడు రోజులు నన్ను నమ్మి పిల్లని వదిలి వెళ్ళావు. రెండో రోజే అలా అయింది. మా ఆయన బండి నడుపుతుంటే పైడిని ఒళ్ళో పట్టుకుని రాజాం ఆసుపత్రికి వెళ్ళిన దారి నాకింకా అయిపోలేదు. కళ్ళు మూస్తే చాలు, బండి పోతూనే ఉంటుంది. రెండు పక్కలా తాటిచెట్లు మాత్రం కదలవు. పెదవులు వాచి, ఊపిరి ఈల వేస్తూ, ఆ పిల్ల నా మొహంకేసే చూస్తూ ఉంటుంది. డాక్టరు సూది వేశాక ఊపిరి తిరిగి వచ్చిన క్షణం కూడా చూశాను గాని, కళ్ళు మూసినప్పుడు అంతవరకూ ఎప్పుడూ చేరను.

ఎలా జరిగిందని ఆసుపత్రిలో నువ్వడిగితే మందులు తెస్తానని బయటికి వెళ్ళిపోయాను. ముందు రోజు మిక్సీలో, పైడికి పడని ఆ వేరుశెనగ పిక్కలే పొడి కొట్టాను. సరిగ్గా కడగకుండా అందులోనే వంకాయ కూరకి కారం తిప్పాను. అలా తగిలి ఉంటుంది.

పిల్ల క్షేమం రెండు ముక్కలు రాయి. నా మీద కోపం నాలుగు పేజీలు రాసినా చదువుతాను.

గౌరి

*

సాలూరు,
జూన్ 21.

వదినగారికి,

ఉత్తరం అందింది. పైడి బాగుంది. మచ్చలు పోయాయి.

ఫోనులో మాట్లాడితే నా గొంతు పెరుగుతుంది. పిల్ల వింటుంది. కాబట్టి నేనూ రాస్తాను.

విజయనగరంలో పిల్లల డాక్టరు రక్తం తీసి పరీక్షకి పంపారు. వేరుశెనగకి ఎలర్జీ గట్టిగా ఉందట, అది మనకి తెలిసిందే. కానీ కందికి, శెనగకి, మినుముకి, బఠానీకి కూడా కొంచెం కొంచెం కనిపించింది. వేరుశెనగ జీడిపప్పులా చెట్టు మీద కాసేది కాదు, ఇది కూడా పప్పుల జాతేనట, కందికి చుట్టమేనట. నాకు ఈ మాట ఇన్నాళ్ళూ తెలియదు.

ఇంటికి వచ్చి డబ్బాలన్నీ దింపాను. కందిపప్పు, పెసరపప్పు, మినపగుళ్ళు, శెనగపిండి, మెంతులు, అన్నీ మా పక్కింటి దాలమ్మగారికి ఇచ్చేశాను. ఇడ్లీ లేదు, సాంబారు లేదు. పోపులో ఆవాలు, జీలకర్ర తప్ప ఏమీ వేయను. మీ తమ్ముడు లారీలో జగదల్‌పూర్ లోడు దింపి వచ్చి పళ్ళెం చూసి, 'ఏటిది, ఆసుపత్రి కూడులాగున్నాది' అన్నారు.

మిక్సీ కడగలేదన్నారు. మీకు నాలుగుసార్లు చెప్పాను. మా ఇళ్ళలో చేపలు ముట్టిన చెయ్యి సున్నిపిండితో తోమకుండా మంచినీళ్ళ బిందె ముట్టనివ్వరు. పెళ్ళైన కొత్తలో మీరో మాటన్నారు, గుర్తుందా? 'సేపలోల్ల పిల్లవి, నీకు పప్పు రుసి ఏటి తెలుస్తాది' అని. ఇప్పుడు మా ఇంట్లో రోజూ చేపే. నా కూతురికి పప్పు రుచి తెలియకుండానే పెంచుతాను.

ఒక్క మాట రాయకూడదనుకున్నాను గాని రాస్తున్నాను. పైడి ఈమధ్య పొద్దున లేస్తూనే కలలు చెబుతోంది. మొన్న పసుపుపచ్చ వాన కురిసిందట. గొడుగు తిరగేసి పట్టుకుని నిలబడిందట. 'ఎందుకే?' అంటే, 'తడిసిపోతే ఎలా తింతాను?' అంది.

అనిత

*

గెడ్డవలస,
జూలై 15.

అనితా,

నీ ఉత్తరం చదివి ఆ పచ్చటి వాన దగ్గరే ఆగిపోయాను. పిల్లలకి ఆటపాటలు చెప్పే వేళకి కూడా ఆ తిరగేసిన గొడుగే కళ్ళముందుంది.

ఆ రోజు నీతో అన్న మాట గుర్తుంది. నువ్వు మర్చిపోయి ఉంటావని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అనే వాళ్ళకి అలాగే అనిపిస్తుంది కాబోలు.

ఇక్కడ వానలు పడ్డాయి. ఎకరంన్నర మెట్టలోనూ వేరుశెనగ వేశాం. ఈ ఏడు వద్దని మీ అన్నయ్యతో అన్నాను. 'ఆ ఎర్రమట్టిలో ఇంకేటి పండుతాది, గౌరీ? పంట మానేస్తే మనమేటి తింతాం?' అన్నారు. విత్తనం మాత్రం ఇంట్లోకి రానివ్వలేదు. చేలోనే పాకలో ఒలిచాం. అయినా సాయంత్రం ఇంటికి వచ్చి చేతులు వాసన చూసుకుంటాను. ఎంత తోమినా ఆ వాసన ఉన్నట్టే ఉంటుంది.

ఒక్క సంగతి అడుగుతాను, అత్తలా కాదు, అంగన్‌వాడీ టీచరులా. పైడి బరువు ఎంత? పన్నెండేళ్ళుగా పిల్లల్ని తూచి చార్టులో చుక్కలు పెట్టడం నా పని. ఆకుపచ్చ గీతలో చుక్క పడితే హాయిగా ఉంటుంది, పసుపులో పడితే ఆ ఇంటికి వెళ్తాను. అన్ని పప్పులూ ఒక్కసారిగా తీసేస్తే నాలుగున్నరేళ్ళ పిల్లకి బలం ఎక్కడి నుంచి వస్తుంది? గుడ్డు తింటోందా? చేప రోజూ తింటుందా, మొహం మొత్తిందా? డాక్టరు అన్నీ మానేయమనే చెప్పాడా?

కోపం రాకుండా చదువు.

గౌరి

*

సాలూరు,
ఆగస్టు 19.

వదినకి,

బరువు పద్నాలుగున్నర. గుడ్డు తింటుంది. డాక్టరు జాగ్రత్తగా ఉండమన్నారు.

ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. కొండలు కనిపించడం మానేశాయి. లారీలన్నీ రోడ్డు పక్కన టార్పాలిన్లు కప్పుకుని పడుకున్న ఏనుగుల్లా ఉన్నాయి. మీ తమ్ముడు రాయపూర్లో ఆగిపోయారు. ఇంట్లో నేను, పైడి, వాన.

పొద్దున పదకొండయ్యేసరికి వీధిలో ప్రతి ఇంటి నుంచీ పోపు వాసన వస్తుంది. మినపప్పు ఎర్రబడే వాసన ఒకటుంటుంది కదా, ఇంగువ వేయకముందు. పైడి వరండాలో నిలబడి కళ్ళు మూసుకుంటుంది. 'ఇది గణపతిరావు మాస్టారింట్లో. ఇది దాలమ్మ మామ్మ ఇంట్లో' అని చెబుతుంది. పొరపాటు పోదు. నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటాను. నిజం చెప్పాలంటే నేనూ ఆ వాసన కోసం ఒక క్షణం తలుపు దగ్గర ఆగుతాను. మా పుట్టింట్లో పప్పు వారానికోసారి వండితే గొప్ప. పప్పు నాకు అలవాటైంది మీ ఇంట్లోనే. మీరే నేర్పారు, కందిపప్పు కొంచెం వేయించి ఉడకబెట్టమని.

ఇవాళ్టి కల. మేఘాల మీద నడిచిందట. కాలు వేస్తే మెత్తగా దిగిందట. వంగి చూస్తే అవి ఇడ్లీలట. 'కాలితో తొక్కీసేను, ఇంకెవులూ తినరు కదా, నానే తినీసేను' అంది. నవ్వాను. నవ్వాక భయమేసింది.

వదినా, నాకూ ఒక కల వస్తోంది. అందులో పైడి చాలా దూరంగా ఇసుకలో నడుస్తూ ఉంటుంది. ఇసుక మీద అడుగులు పడవు. అంత తేలిగ్గా ఉంటుంది.

అనిత

*

గెడ్డవలస,
సెప్టెంబరు 12.

అనితా,

వేరుశెనగ పూసింది. పొద్దున్నే వెళితే ఆకుల సందుల్లో పసుపు పూలు, మంచులో తడిసి, ఎవరో చూస్తారేమోనని దాక్కున్నట్టు ఉంటాయి. ఆ పువ్వు వాడిపోయాక దాని మొదట్లోంచి ఊడ దిగి మట్టిలోకి పోతుంది. కాయ మట్టి లోపలే ఊరుతుంది, ఎవరికీ కనపడకుండా. ఇవాళ గట్టు మీద కూర్చుని అదే చూస్తూ ఉండిపోయాను. ఇక చెప్పకుండా ఉండలేను.

మిక్సీ మాట అబద్ధం.

మిక్సీ కడిగే ఉంది. ఆ పొడి నేనే వేశాను, కావాలని, ఒక చిన్న చెంచాడు, వంకాయ కూరలో.

ఎందుకంటావు. నా చేతులతో ఎంతమంది పిల్లలకి వేరుశెనగ చిక్కీలు పంచానో లెక్కలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. నీది అతి భయం అనుకున్నాను. సముద్రం ఒడ్డున పెరిగిన పిల్ల, మన తిండి తెలియదు, పిల్లని గాజుబొమ్మ చేస్తోంది అనుకున్నాను. కొంచెం కొంచెం అలవాటు చేస్తే అదే పడుతుంది, నువ్వు వచ్చాక 'చూడు, ఏమీ కాలేదు' అని చూపిద్దామనుకున్నాను. నీకు చూపించి గెలవాలనుకున్నాను, అనితా. నా మేనకోడలి మీద పందెం కాసి.

ఇంకోటి కూడా ఉంది. పైడి రెండు ముద్దలు తిని, 'అత్తా, నాలిక గోకుతన్నాది' అంది. నేను 'కారమే, నీల్లు తాగు' అన్నాను. అని మూడో ముద్ద పెట్టాను.

ఆ మూడో ముద్దే నన్ను వదలడం లేదు.

క్షమించమని అడగను. నువ్వు అందరి మిక్సీలనీ, అందరి గరిటెలనీ చూసి భయపడుతున్నావు. నీ ఇంట్లోంచి పప్పులన్నీ పోవడానికి నా అబద్ధం కూడా కారణమేమోనని నాకు తోచింది. సరిగ్గా కడగని మిక్సీకే పిల్ల అంతలా అయిపోతే ఇక దేన్ని నమ్ముతావు? అందుకని చెబుతున్నాను. కడగని మిక్సీ కాదు. చెంచాడు పొడి, నా చెయ్యి.

గౌరి

*

సాలూరు,
నవంబరు 3.

గౌరి వదినకి,

మీ ఉత్తరం చదివి బియ్యం డబ్బాలో కుక్కి మూత పెట్టాను. ప్రతిరోజూ బియ్యం తీసేటప్పుడు చేతికి తగిలేది. చింపెయ్యాలని అనుకోని రోజు లేదు.

మీరు తెలియక చేసుంటే ఈపాటికి మర్చిపోయి ఉండేదాన్ని. తెలిసి చేశారు. మూడో ముద్ద పెట్టారు. ఆ రెండు మాటలూ రాసినందుకు మీ మీద అసహ్యం పుట్టింది. రాయకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదన్నది కూడా నిజం. ఈ రెండూ ఒకే చోట ఎలా పెట్టుకోవాలో తెలియక నెలన్నర గడిచింది. మీ తమ్ముడికి చెప్పలేదు. అది మీరు చెప్పాల్సింది.

ఇప్పుడు నా సంగతి.

బరువు పద్నాలుగున్నర కాదు. అది మే నెలలోది. ఇప్పుడు పన్నెండు కిలోల ఎనిమిది వందలు. ఆగస్టులో కూడా పదమూడే. మీ చార్టు భయంతో అబద్ధం రాశాను.

డాక్టరు అన్నీ మానేయమని చెప్పలేదు. ఆయనన్నది ఇది: 'రక్తంలో కనిపించినంత మాత్రాన ఒంటికి పడదని కాదమ్మా. వేరుశెనగ పడని పిల్లల్లో చాలామంది మిగతా పప్పులు హాయిగా తింటారు. కొందరికి ఒకటో రెండో పడవు. ఏది పడుతుందో ఏది పడదో ఆసుపత్రిలో మా ఎదురుగా కొంచెం కొంచెం తినిపించి చూస్తేనే తేలుతుంది. ఇంట్లో మాత్రం ప్రయత్నించొద్దు.' విశాఖలో పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చారు. రెండుసార్లు తారీఖు తీసుకున్నాను. రెండుసార్లూ బస్టాండు దాకా వెళ్ళి తిరిగి వచ్చేశాను. నా చేత్తో ఆ పిల్ల నోట్లో పప్పు పెట్టడం నా వల్ల కాలేదు. మీరు భయం లేక పెట్టారు, నేను భయంతో పెట్టలేదు. పిల్ల మాత్రం ఇద్దరి చేతుల్లోనూ నలిగింది.

మొన్న దాలమ్మగారింటికి పైడిని పిలవడానికి వెళ్ళాను. వరండాలో కూర్చుని పప్పన్నం తింటోంది. మూతికంతా పచ్చగా పప్పు. పరుగున వెళ్ళి ఆ మూతి తుడిచేశాను. దాలమ్మగారు, 'ఏటమ్మా అలాగైపోయావు? వానలు మొదలెట్టిన కాన్నుంచి నా దగ్గర రోజూ తింతన్నాది. నువ్వే నా ఇంటికి ఇచ్చీసిన కందిపప్పు. ఆకలని వొస్తే నేదంటానా?' అన్నారు. వేరుశెనగ సంగతి ఆవిడకి తెలుసు. పప్పు కూడా మాన్పించానని నేనే ఆవిడకి చెప్పలేదు.

నాలుగు నెలలు, వదినా. నా దగ్గర కలలు చెప్పి, దాలమ్మ దగ్గర పప్పు తింది. ఒంటి మీద ఒక్క దద్దురు లేదు.

డిసెంబరు తొమ్మిదికి తారీఖు తీసుకున్నాను. ఈసారి బస్సెక్కుతాను.

అనిత

*

గెడ్డవలస,
నవంబరు 14.

అనితా,

తమ్ముడికి ఫోను చేసి అంతా చెప్పాను. లారీ ఇంజను మోత మాత్రం చాలాసేపు వినిపించింది. తర్వాత 'మరి ఉంతానక్కా' అని పెట్టేశాడు. చిన్నప్పుడు కోపమొస్తే నా మీద మట్టి జల్లేవాడు. అలా చేసినా బాగుండేది.

పన్నెండు ఎనిమిది వందలు. ఖాళీ చార్టు ఒకటి తీసి చుక్క పెట్టాను. పసుపులో పడింది, ఎరుపుకి దగ్గరగా కాదు. ఎక్కి రాగలిగిన చోటే ఉంది. అబద్ధం రాసినందుకు నిన్నేమనగలను, ఏ నోటితో అనగలను?

రాజాం ఆసుపత్రిలో నర్సు ధనలక్ష్మి దగ్గరకి రోజూ వెళుతున్నాను. అలాంటి సమయంలో తొడకి వేసే సూది ఎలా వేయాలో నేర్చుకున్నాను. బత్తాయికాయ మీద వేయించింది. మొదటిరోజు బత్తాయికి నాలుగు కన్నాలు పడ్డాయి. ఇప్పుడు ఒక్కటే పడుతోంది. పైడిని నా దగ్గరకి పంపమని కాదు. మా సెంటరుకి రేపు ఇంకో పైడి రావచ్చు కదా. పిల్ల చేరేటప్పుడే 'ఏదైనా తింటే దురదగాని, వాపుగాని వచ్చిందా?' అని అడిగి రాసుకుంటున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

తొమ్మిదో తారీఖున పక్కన ఎవరైనా ఉంటారా? నేను రాను. అడుగుతున్నానంతే.

గౌరి

*

సాలూరు,
డిసెంబరు 16.

వదినా,

మీ తమ్ముడు లోడు వదులుకుని వచ్చారు. నాలుగు రోజులు విశాఖలో ఉన్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ నాలుగు రోజులూ నీళ్ళ అడుగున గడిచినట్టు ఉంటాయి. మాటలు దూరం నుంచి వినిపించేవి. కిటికీలోంచి సముద్రం ముక్క కనిపించేది. మంచం మీద పైడి, పక్కన సూది మందు సిద్ధంగా పెట్టుకుని నర్సు, గోడ మీద గడియారం.

రోజుకి ఒకే పప్పు. మొదట పెదవికి రాసి చూశారు. తర్వాత గోరంత. ఇరవై నిమిషాలు ఆగి, రెట్టింపు. మళ్ళీ ఆగి, మళ్ళీ రెట్టింపు. ప్రతి ఇరవై నిమిషాలకీ నేను ఒకసారి చచ్చి బతికాను. పైడి మాత్రం, 'ఇంత సిన్న ముద్దలేటి, పిట్టకా?' అని నర్సుని అడిగింది. ఆవిడ నవ్వుతూ మొహం తిప్పుకుంది.

కంది పడింది. శెనగ పడింది. మినుము కూడా పడింది. చివరి రోజు బఠానీ. మూడో విడతకి మూతి చుట్టూ దద్దుర్లు లేచాయి, కడుపు పట్టుకుంది. వెంటనే ఆపి మందిచ్చారు. గంటలో తగ్గింది. ఆ గంటా మీ తమ్ముడు నా చెయ్యి వదలలేదు. బఠానీ వద్దన్నారు. మెంతులు కూడా ప్రస్తుతానికి ఆపమన్నారు, వాటిని తర్వాత చూస్తారట. పెసరకి ఫిబ్రవరిలో రమ్మన్నారు. వేరుశెనగ సరేసరి, జన్మలో ముట్టకూడదనుకోవడమే మంచిది. సూది మందు ఇంట్లో పెట్టుకోమన్నారు, వేయడం ఇద్దరికీ నేర్పారు.

ఇంటికి రాగానే మినపప్పు వేసి పోపు పెట్టాను. ఆ వాసనకి నాకే ఏడుపొచ్చింది. పైడి పీట వేసుకుని కూర్చుని కడుపునిండా తింది. మర్నాడు కల ఏమొచ్చిందని అడిగితే, 'రానేదు. పడుకున్నాను' అంది.

ఒక సంగతి మిగిలింది. నేనూ, మీ తమ్ముడూ మాట్లాడుకుంటుంటే పిల్ల వింది. 'అమ్మా, అత్త సూసుకోకుండా ఎట్టీసిందా, కావాలనే ఎట్టిందా?' అని అడిగింది. అత్తనే అడుగుదామన్నాను. అబద్ధం చెప్పలేను, నిజం చెప్పడం నా పని కాదు. మీరే చెప్పండి. దానికి అర్థమయ్యే మాటల్లో రాయండి, నేను చదివి వినిపిస్తాను. ఏదీ దాచను, ఏదీ కలపను.

అనిత

*

గెడ్డవలస,
డిసెంబరు 22.

పైడికి,

నీ గౌరి అత్తని. ఈ ఉత్తరం నీకే. అమ్మ చదువుతుంది, నువ్వు విను.

నువ్వు అడిగినదానికి జవాబు చెబుతున్నాను. నేను కావాలనే పెట్టాను. ఆ రోజు కూరలో వేరుశెనగ పొడి ఒక చిన్న చెంచాడు వేశాను. నీకు పడదని మీ అమ్మ నాకు చెప్పింది. నేను నమ్మలేదు. మీ అమ్మకి తెలియదు, నాకే తెలుసు అనుకున్నాను. మీ అమ్మే కరెక్టు, నేను తప్పు.

నాలుక దురదగా ఉందని నువ్వు నాకు చెప్పావు. అలా చెప్పడం చాలా మంచి పని. నేను వినలేదు. అది నా తప్పు, నీది కాదు. ఇక ముందు ఎప్పుడైనా, ఎవరి ఇంట్లోనైనా, నోరు దురదపెడితే తినడం ఆపెయ్యి. అత్త పెట్టినా, మామ్మ పెట్టినా, టీచరు పెట్టినా ఆపెయ్యి. గట్టిగా అరిచి చెప్పు. పెద్దవాళ్ళు వినకపోతే ఇంకా గట్టిగా కేకెయ్యి.

నీకు దెబ్బ తగలాలని నేను అనుకోలేదు. అయినా తగిలింది. అందుకు నాకు చాలా బాధగా ఉంది. నీకు నా మీద కోపం ఉంటే ఉండనీ. నువ్వు నాతో మాట్లాడకపోయినా నేను నీ అత్తనే.

గౌరి అత్త

*

సాలూరు,
డిసెంబరు 29.

వదినా,

చదివాను. ఎండలో వరండాలో కూర్చోబెట్టుకుని, మీరు రాసింది రాసినట్టే చదివాను. మొదటిసారి అయ్యాక 'మల్లా సదువు' అంది. రెండోసారి మధ్యలో ఆపింది.

'సెంచా అంటే ఎంతది?'

వంటింట్లోంచి చిన్న చెంచా తెచ్చి చూపించాను. చేతిలోకి తీసుకుని, తిప్పి, నాలిక మీద ఆనించుకుని చూసింది.

'ఇంతదానికేనా నాకు ఊపిరాడనేదు?'

'ఇంతదానికే.'

'అత్తకి తెల్దా?'

'అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు.'

'అత్త ఏడిసిందా?'

'నాకు తెలియదమ్మా. ఏడ్చే ఉంటుంది.'

చాలాసేపు మెట్ల మీద కూర్చుని చెంచాతో మట్టి తవ్వింది. నేను లోపలికి వెళ్ళి బియ్యం కడుగుతున్నాను. కాళ్ళకి మట్టితోనే వచ్చి నా వెనకాల నిలబడింది.

'అమ్మా, అత్తని రమ్మను' అంది. ఒక్క క్షణం ఆలోచించి, 'గానీ వంట నువ్వే సెయ్యి' అంది.

నాకు ఇంతకంటే మంచి మాట తోచడం లేదు, వదినా. నా మాట కూడా అదే అనుకోండి. ఆదివారం పొద్దుటి బస్సుకి రండి.

వంట నేనే చేస్తాను.

అనిత